కొత్త బూటు కరుస్తోంది, అదీ ఎడమ కాలినే

ప్రశ్న: సార్, మాది విశాఖపట్నం. ఏడేళ్లు స్ప్లెండర్ నడిపి, రెండు నెలల కిందట అడ్వెంచర్ బండి తీసుకున్నాను. దానికి తగ్గట్టు తోలు రైడింగ్ బూట్లు ఆన్‌లైన్‌లో తెప్పించాను. పిక్క సగం దాకా వస్తాయి. పక్కన జిప్పు, పైన వెల్‌క్రో పట్టీ. వచ్చి నాలుగు రోజులైంది. చెక్కపెట్టెలో కాళ్లు పెట్టినట్టుంది. మడమ దగ్గర చర్మం లేచింది. ఎడమ పాదం పైన మాత్రం కుడిదాని కంటే చాలా ఎక్కువ నొప్పి. గేరు పడిందో లేదో కూడా తెలియడం లేదు. నడిస్తే కిర్రుకిర్రుమని చప్పుడు. నాన్నగారు ఆముదం రాయమంటున్నారు. ఫ్రెండేమో బకెట్ నీళ్లలో నానబెట్టి తడిమీదే వేసుకుని ఆరేదాకా తిరగమంటున్నాడు. ఇంకొకరు హెయిర్ డ్రయర్ అన్నారు. నెల రోజుల్లో ఐదుగురం అరకు వెళ్లాలని ప్లాన్. ఈలోగా ఇవి దారికొస్తాయా, వాపసు పంపేయనా?

సమాధానం: ముందు ఆ ఆముదం సీసా మూత పెట్టేయండి. బూట్లు ఉంచుకోవాలా, వాపసు పంపాలా అన్నది తేలేదాకా వాటికి ఏదీ రాయొద్దు, బయట మట్టిలో నడవొద్దు. నూనె మరక పడ్డ బూటును ఏ అమ్మకందారూ వెనక్కి తీసుకోడు. వాపసు గడువు ఎన్ని రోజులో ఇవాళే చూసుకోండి.

ఈ సాయంత్రం చిన్న పరీక్ష చేయండి. సాయంత్రమే ఎందుకంటే, పొద్దుటి నుంచి నిలబడి తిరిగిన పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. బండి మీద మూడు గంటలు కూర్చున్నాక కూడా అలాగే ఉంటుంది. బూటులోంచి ఇన్‌సోల్ (పాదం కింద ఉండే విడి పొర) బయటికి లాగి నేల మీద పెట్టండి. రైడింగ్‌కి ఏ సాక్సు వేస్తారో ఆ సాక్సుతో దాని మీద నిలబడండి. మడమను వెనక అంచుకు ఆనిస్తే, ముందు పొడుగు వేలి దగ్గర దాదాపు ఒక సెంటీమీటరు ఖాళీ కనిపించాలి. పాదం పక్కలకు ఇన్‌సోల్ దాటి పొర్లకూడదు. వేళ్లు అంచును తాకుతున్నా, చిటికెనవేలు బయటికి వస్తున్నా అది సైజు తప్పు, తోలు తప్పు కాదు. తోలు వెడల్పులో కొంచెం సాగుతుంది. పొడవులో సాగదు. రైడింగ్ బూటు ముక్కులో గట్టి కప్పు ఉంటుంది కాబట్టి అక్కడైతే అసలే సాగదు. అలాంటి జతను ఇవాళే ప్యాక్ చేసి పంపేయండి. "వాడగా వాడగా సరిపోతుందిలే" అన్న మాట నమ్మి వేళ్ల గోళ్లు నల్లబడినవాళ్లను చాలామందిని చూశాను.

మడమ సంగతి వేరు. నడుస్తుంటే మడమ కొంచెం పైకి లేస్తోందా? అర సెంటీమీటరు లోపైతే కంగారొద్దు. కొత్త బూటు అడుగు (సోల్) వంగదు కాబట్టి పాదం వంగినప్పుడు మడమ లేస్తుంది. అడుగు వంగడం నేర్చుకున్నాక అది చాలావరకు తగ్గుతుంది. అంతకంటే ఎక్కువ లేస్తే బూటు పెద్దదైందన్నమాట. ఇక పిక్క దగ్గర జిప్పు ఊపిరి బిగబట్టి లాగితే తప్ప పడకపోతే అది ఎన్ని రోజులకీ మారదు.

ఈ పరీక్షలో బూటు పాసైందనుకుని మిగతాది రాస్తున్నాను. మీ ఉత్తరం చదివితే నాకూ అలాగే అనిపిస్తోంది. మీరు చెప్పిన నొప్పులు రెండూ మడమ, పాదం పైభాగం దగ్గరివి. వేళ్ల గురించి ఒక్క మాట రాయలేదు.

చెక్కపెట్టెలా ఉందన్నారు. కొంతవరకు అలాగే ఉండాలి. బూటు నాలుక మీదో లోపలి అంచులోనో ఒక లేబుల్ ఉందేమో చూడండి. బైకు మీద మనిషి బొమ్మ, దాని కింద నాలుగు అంకెలు, ఈఎన్ 13634 అని రాసి ఉంటుంది. అది రైడింగ్ బూట్లకు ఐరోపా ప్రమాణం. అంకె ఒకటి గానీ రెండు గానీ ఉంటుంది, రెండు మెరుగు. మొదటిది ఎత్తు, రెండోది రోడ్డు మీద ఈడ్చుకుపోతే తట్టుకునే సత్తా, మూడోది కోత. నాలుగోది అడుగు అడ్డంగా నలగకుండా ఎంత నిలబడుతుందన్నది. అంటే బండి పక్కకు పడి పాదం మీద వాలితే ఆ బరువును మీ ఎముకల కంటే ముందు బూటు అడుగు మోయాలి. అందుకే లోపల గట్టి పట్టీ, మడమ చుట్టూ గట్టి గిన్నె, చీలమండకు అటూ ఇటూ పలకలు పెడతారు. ఇవి ఎప్పటికీ మెత్తబడకూడదు. మెత్తబడాల్సింది రెండే చోట్ల: వేళ్ల మొదట్లో పాదం వంగే మడత దగ్గర, చీలమండ ముందూ వెనకా. బూటంతా చెప్పులా మెత్తగా అయిపోవాలని చూస్తే ఇన్ని వేలు పోసి కొన్నది దండగ.

ఇప్పుడు నాన్నగారి ఆముదం గురించి. ఆయన మాట గాలిలోంచి పుట్టింది కాదు. మా తాతగారికి ఊళ్లో కుట్టించిన చెప్పుల జత ఉండేది. కొత్తలో ప్రతి రాత్రీ పాత గుడ్డముక్కతో ఆముదం పట్టించి, చూరు కింద నీడలో పెట్టేవారు. పది రోజులకు అవి పాదం అచ్చు తీసుకునేవి. ఆ తోలు తంగేడు చెక్క, కరక్కాయ లాంటి వాటితో పదును చేసింది. పైన రంగు పూత లేదు, నూనె పోస్తే తాగేస్తుంది. ఆ తోలుకు ఆముదం సరైన మందే. మీ బూటు తోలు చాలామటుకు క్రోమ్ ఉప్పులతో పదును చేసి, పైన రంగూ మెరుపూ పూసింది అయి ఉంటుంది. లోపల ఎక్కడైనా కోసిన అంచు కనిపిస్తే చూడండి, మధ్యలో నీలం కలిసిన బూడిద రంగు ఉంటే అదే గుర్తు. దీని మీద ఆముదం సగం పైనే జిడ్డుగా కూర్చుని దుమ్ము పడుతుంది. మిగతా సగం కుట్ల కన్నాల్లోంచి లోపలికి దిగి, లైనింగుకూ జిగురుకూ చేరుతుంది. లోపల వాటర్‌ప్రూఫ్ పొర ఉంటే గాలి ఆడడం కూడా తగ్గుతుంది. కొబ్బరినూనెదీ ఇదే కథ, పైగా కొన్నాళ్లకు వాసన. స్వెడ్ లాంటి నూగు తోలైతే అసలు ఏ నూనే తగలకూడదు.

బకెట్ సలహాకు నేనే సాక్ష్యం. పాతికేళ్ల వయసులో మొదటి జత కొన్నప్పుడు ఎవరో చెప్పారని రాత్రంతా నానబెట్టాను. పొద్దున వేసుకుని బయల్దేరితే నిజంగానే భలే మెత్తగా ఉన్నాయి, నా తెలివికి నేనే మురిసిపోయాను. సాయంత్రానికి మడమ గిన్నె లోపలున్న అట్ట మెత్తబడి ఒక పక్కకు ఒరిగింది. మర్నాడు ఆరతాయని మేడ మీద ఎండలో పెట్టాను. మే నెల, విజయవాడ. మధ్యాహ్నానికి ఎడమ బూటు అడుగు ముందువైపు నోరు తెరిచింది, పైతోలు అప్పడంలా అయింది. ఆ జత ముచ్చట రెండు వారాలతో సరి. అడుగు అతికించే జిగురును ఫ్యాక్టరీలో వేడి తగిలించే అంటిస్తారు, మళ్లీ వేడి తగిలితే అది పట్టు వదులుతుంది. హెయిర్ డ్రయర్ సలహా ఎందుకు పనికిరాదో ఇంక వేరే చెప్పక్కర్లేదు కదా. వేడికి తోలులో ఉన్న కాస్త కొవ్వు కూడా ఎండిపోయి, మడత దగ్గర పగులుతుంది.

మరి ఏం చేయాలి? వేసుకోవడమే. తోలంటే పీచుల అల్లిక. ఒకేచోట వందల సార్లు వంగితే ఆ పీచులు సర్దుకుని అక్కడో మడత స్థిరపడుతుంది. దానికి కావాల్సిన వేడి, తేమ మీ పాదమే ఇస్తుంది. రోజుకు అరగంట నుంచి ముప్పావు గంట, ఇంట్లోనే, మందపాటి సాక్సుతో. టీవీ ముందు కూర్చుంటే లాభం లేదు, వంగాలి. గొంతుక్కూర్చుని లేవండి, ఒక్కో విడతకు పదిసార్లు. మెట్లు దిగండి, ఎక్కడం కంటే దిగేటప్పుడే చీలమండ ముందుకు బాగా వంగుతుంది. మునివేళ్ల మీద లేచి నిలబడండి. మొదటి మూడు రోజులు జిప్పు పూర్తిగా వేసి, పై వెల్‌క్రో మాత్రం కాస్త వదులుగా పెట్టండి. జిప్పు సగంలో వదిలేసి నడిస్తే మడత తప్పుచోట పడుతుంది, ఆ తర్వాత జిప్పే పాడవుతుంది.

ఏడెనిమిది రోజులకు రెండు మడతలూ కంటికి కనిపిస్తాయి. అప్పుడు కావాలంటే మంచి లెదర్ క్రీమ్ శనగగింజంత తీసుకుని, ఆ మడతల మీద మాత్రం వేలితో రుద్దండి. ముందు లోపలి పక్క ఎవరికీ కనిపించని చోట రాసి, రంగు ఎంత ముదురుతుందో చూసుకోండి. పది నిమిషాలాగి పొడిగుడ్డతో తుడిచేయండి. నెలకు ఒకసారి చాలు. మడమ గిన్నె, ముక్కు, పక్క పలకల జోలికి పోవద్దు. వెడల్పులో ఒకే ఒక్క చోట, చిటికెనవేలి కీలు దగ్గరో ఎక్కడో, నొక్కుతూ ఉంటే చెప్పులు కుట్టే అతని దగ్గరికి వెళ్లండి. లోపల చెక్క అచ్చు పెట్టి ఆ చోటే ఒకట్రెండు రోజులు సాగదీస్తారు. వాపసు గడువు దాటాకే సుమా.

మడమ పుండు మానేదాకా బూటు జోలికే పోకండి. బొబ్బ ఉంటే పైచర్మం పీకొద్దు. మానాక, వేసుకునే ముందే మడమకు మెడికల్ షాపులో దొరికే కాగితం లాంటి మైక్రోపోర్ టేపు ముడతలు లేకుండా అంటించుకోండి. చాలామంది బొబ్బ వచ్చాక అంటిస్తారు, అది రాకముందు పెట్టుకోవాల్సింది. పలచటి కాటన్ సాక్సు చెమటను పట్టి ఉంచుతుంది, తడిచర్మం తొందరగా రేగుతుంది. ఉన్ని కలిసినవో, స్పోర్ట్స్ సాక్సో, బూటు పైఅంచు కంటే పొడుగ్గా ఉండేవి తీసుకోండి. ఎక్కడైనా చురుక్కుమంటే అప్పుడే విప్పి చూడాలి. ఎర్రబడి ఉంటే ఆ రోజుకు అంతే. పళ్లబిగువున ఓర్చుకుంటే బూటు తొందరగా మెత్తబడదు, మీ మడమే తెగుతుంది. షుగర్ ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, మీరు నొప్పిని నమ్ముకోవద్దు. నొప్పి తెలియకుండానే పుండు పడొచ్చు. ప్రతిసారీ విప్పాక పాదం చుట్టూ చూసుకోండి.

ఇంక అసలు సంగతికొస్తున్నాను. రెండు బూట్లూ ఒకే తోలు, ఒకే కుట్టు. మరి ఎడమ పాదం పైనే ఎందుకు నొప్పి? మీ ఉత్తరంలో జవాబు మొదటి రెండు వాక్యాల్లోనే ఉంది. స్ప్లెండర్‌లో నాలుగు గేర్లూ కిందికే. ముందు లివర్ మునికాలితో తొక్కితే గేరు పెరుగుతుంది, వెనక లివర్ మడమతో తొక్కితే తగ్గుతుంది. ఏడేళ్లలో లివర్ కింద కాలు దూర్చి పైకి ఎత్తే పని మీకు పడలేదు. కొత్త బండికి మొదటి గేరు కిందికి, మిగతావన్నీ పైకి. వెనక లివర్ ఉండి ఉండదు. అంటే గేరు పెంచిన ప్రతిసారీ మీ ఎడమ పాదం పైభాగం ఆ ఇనుప ముక్కను ఎత్తుతోంది. అలవాటు లేని పని, దానికి తోడు వంగని బూటు. కుడికాలు బ్రేకును పైనుంచి తొక్కుతుంది గనుక దానికి ఈ బాధ లేదు.

ఇంకొక చిక్కు కూడా ఉంది. షోరూమ్‌లో లివర్ ఎత్తు మామూలు షూకు తగ్గట్టు ఉంటుంది. రైడింగ్ బూటు ముక్కు ఎత్తుగా ఉంటుంది, గేరు తగిలేచోట అదనంగా ఒక తోలుముక్క కుట్టి ఉంటుంది. ఆ ముక్కు లివర్ కింద దూరాలంటే మీరు చీలమండను కిందికి బాగా వంచాలి. కొత్త బూటు వంగనివ్వని చోటు సరిగ్గా అదే. మీరు వంచబోతే అది అడ్డుపడుతుంది, మధ్యలో పాదం నలుగుతుంది. గేరు పడిందో లేదో తెలియకపోవడానికీ ఇదే కారణం. లివర్‌ను సగమే ఎత్తుతున్నారు.

బూటు వేసుకుని, బండిని స్టాండ్ మీద కదలకుండా పెట్టి, ఇంజిన్ ఆపి ఎక్కి కూర్చోండి. అరికాలు ఫుట్‌పెగ్ మీద మామూలుగా ఆనించండి. పాదాన్ని ప్రత్యేకంగా కిందికి వంచకుండా ముక్కు లివర్ కిందికి జారాలి. అలాగని మొదటి గేరు కోసం తొక్కాలంటే కాలంతా పెగ్ మీంచి లేపాల్సిన ఎత్తులోనూ ఉండకూడదు. జారకపోతే లివర్ కాస్త పైకి జరపాలి. కొన్ని బండ్లలో లివర్‌కూ గేరు షాఫ్ట్‌కూ మధ్య సన్నటి కడ్డీ ఉంటుంది. దాని రెండు చివర్లా ఉన్న లాక్‌నట్లు వదులు చేసి కడ్డీని తిప్పితే లివర్ ఎత్తు మారుతుంది. ఒక చివర సాధారణంగా ఎదురు మర ఉంటుంది, పానా ఏ వైపు తిరుగుతుందో చూసుకుని పట్టండి. కడ్డీ లేకపోతే లివర్ నేరుగా షాఫ్ట్ పళ్ల మీద బిగించి ఉంటుంది. బోల్టు తీసి, ఒక్క పన్ను జరిపి మళ్లీ బిగించాలి. తీసేముందు పాత స్థానానికి మార్కర్‌తో గీత పెట్టుకోండి. మెకానిక్ చేత చేయించుకున్నా పావుగంట పని, కానీ బూట్లు వేసుకునే వెళ్లండి. చెప్పులతో వెళ్లి అంచనాగా చేయించుకుంటే మళ్లీ మొదటికొస్తుంది.

కుడివైపు కూడా ఓసారి చూడండి. మందపాటి అడుగుతో బ్రేక్ పెడల్ మీకు తెలియకుండానే నొక్కుకుని ఉండొచ్చు. బండి మీద మామూలుగా కూర్చుని, వెనక బ్రేక్ లైటు వెలుగుతోందేమో ఎవరినైనా చూడమనండి. వెలుగుతుంటే పెడల్ కిందికి దించాల్సిందే.

లివర్ సరిచేశాక అదే స్టాండ్ మీద రోజూ పది నిమిషాలు గేరు ఎత్తే కదలిక సాధన చేయండి. నిలిపి ఉన్న బండికి అన్ని గేర్లూ పడవు, పడకపోయినా పర్వాలేదు. మనకు కావాల్సింది చీలమండ మడత. నడిస్తే వేళ్ల దగ్గరి మడతే ఎక్కువగా పడుతుంది. గేరుకు కావాల్సిన మడత గేరు మార్చినప్పుడే పడుతుంది. నెల రోజులు వాకింగ్ చేసి, బూటు సిద్ధమైందనుకుని బండెక్కి తెల్లమొహం వేసేది ఇక్కడే.

రెండో వారం చివర ఆదివారం పొద్దున్నే, రద్దీ పుట్టకముందు, బీచ్ రోడ్డు పట్టుకుని భీమిలి దాకా వెళ్లి రండి. దారిలో కావాలనే గేర్లు ఎక్కువగా మార్చండి. మూడో వారం ఎస్.కోట దాటి బొడ్డవర దాకా వెళ్లి వెనక్కి తిరగండి, ఘాట్ ఎక్కొద్దు. నాలుగో వారానికి మీ ఎడమకాలు లివర్‌ను వెతుక్కోవడం మానేసిందంటే అరకు వెళ్లొచ్చు. టైడా, అనంతగిరి మలుపుల్లో రెండుకీ మూడుకీ మధ్య తిరగడమే సరిపోతుంది. ఎదురుగా బస్సు వస్తున్నప్పుడు గేరు పడిందా లేదా అని కిందికి చూసే పరిస్థితి ఉండకూడదు. అప్పటికీ కుదరకపోతే మిగతా నలుగురినీ ఒక వారం ఆగమనండి, డిసెంబరైతే అరకులో చలి ఎక్కడికీ పోదు. ఒకవేళ వెళ్తే బ్యాగులో చెప్పుల జత, టేపు చుట్ట పెట్టుకోండి. బొర్రా గుహల్లో మెట్లు చాలా ఉంటాయి, తడిగానూ ఉంటాయి. రైడింగ్ బూట్లతో అక్కడ దిగడం మీ మోకాళ్లకు మంచిది కాదు.

ఇంటికొచ్చాక ఇన్‌సోల్ బయటికి తీసి, లోపల పాత పేపర్లు ఉండలు చుట్టి కుక్కి, ఫ్యాను కింద నీడలో పెట్టండి. తడిస్తే పేపర్లు రెండుమూడు గంటలకోసారి మార్చండి. మేడ మీదికి మాత్రం తీసుకెళ్లొద్దు.

చివరికి కిర్రుకిర్రు. చాలాసార్లు ఇది తోలు చప్పుడు కాదు, ఇన్‌సోల్ కింద అడుగుకు రాసుకుని వస్తుంది. ఇన్‌సోల్ ఎత్తి కింద చిటికెడు టాల్కమ్ పౌడర్ చల్లి మళ్లీ పెట్టండి. అయినా పోకపోతే రెండు వారాలు భరించండి. మా తాతగారి కాలంలో కిర్రుచెప్పులంటే గొప్ప, చప్పుడొచ్చేలా కుట్టమని అడిగి మరీ చేయించుకునేవారట. ఈ మాట చెబితే నాన్నగారు ఆముదం సంగతి మర్చిపోతారేమో చూడండి.